రోలు కింద గోదారి

వాల్వ్ కనబడటం లేదు.

జేబులోంచి జారిపోయే వస్తువైతే సరే అనుకోవచ్చు. నడుమెత్తు ఇనప దిమ్మ అది. నలుగురు పట్టినా కదలదు. అలాంటిది ఢిల్లీలోని రేవతీ కుంజ్ ప్రభుత్వ క్వార్టర్ల కింద ఎక్కడో మట్టిలో నక్కి కూచుని, రెండు కంపెనీల ఇంజినీర్లనీ, నేలలోకి తొంగిచూసే రాడార్ బండినీ వారం రోజులుగా ముప్పుతిప్పలు పెడుతోంది.

"మేడమ్, ఏక్ డౌట్," అన్నాడు ఆదిత్య, తలమీది హెల్మెట్ తీసి విసనకర్రలా ఊపుకుంటూ. "అసలు పెట్టారా? లేక మ్యాప్‌లో చుక్క పెట్టేసి చాయ్ తాగడానికి వెళ్లిపోయారా?"

"పెట్టారు," అంది ఇంద్రజ.

"అంత ష్యూర్‌గా కైసే?"

"మేం ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు పైపు పగిలితే ఈ కాలనీ ఒక్కదానికే నీళ్లు కట్టేశారట. పక్క కాలనీకి వస్తూనే ఉన్నాయి. మా అమ్మ బిందె పట్టుకుని అక్కడికెళ్లి, వాళ్లతో పోట్లాడి మరీ తెచ్చుకుంది. ఆ పోట్లాట ఇప్పటికీ చెబుతుంది. వాల్వ్ లేకపోతే అలా కట్టెయ్యడం కుదరదు."

ఆదిత్య పుట్టి పెరిగింది గుర్‌గావ్‌లో. ఇంట్లో తెలుగు వింటాడు, బయట మూడు భాషల కిచిడీ వడ్డిస్తాడు. మురుగు పైపుల పని చేసే పుణె కంపెనీ మనిషి. ఇంద్రజది మంచినీళ్ల పైపులు వేసే హైదరాబాద్ కంపెనీ. ఇక్కణ్ణుంచి సాకేత్ దాకా ఉన్న పాత పైపులన్నీ మార్చే కాంట్రాక్టుని రెండు కంపెనీలూ పొత్తు కుదుర్చుకుని తీసుకున్నాయి. ఒకరు తవ్విన గోతిలోనే ఇంకొకరు పని చెయ్యాలి. ఒకరు ఆగితే ఇద్దరూ ఆగినట్టే.

ఇప్పుడు ఇద్దరూ ఆగారు.

రేవతీ కుంజ్‌లో మంచినీళ్ల పైపూ మురుగు పైపూ ఒకే గోతిలో పక్కపక్కన పడుకుని ఉన్నాయి. రెండూ ముసలివి. రెండూ చిల్లులు పడ్డవి. వానలు మొదలైతే ఇందులోది అందులోకి, అందులోది ఇందులోకి. పోయిన వానాకాలం కాలనీ పిల్లలకి వరసపెట్టి పచ్చకామెర్లు వచ్చాయి. ఈసారి వానలు దిగేలోగా పైపులు మార్చి తీరాలి. మార్చాలంటే పెద్ద లైను నుంచి కాలనీని విడదీసే ఆ వాల్వ్ మూయాలి. అది దొరక్కపోతే పెద్ద లైనునే కట్టెయ్యాలి. అప్పుడు నడి జూన్‌లో సాకేత్ దాకా కొళాయిలన్నీ నోళ్లు తెరుస్తాయి.

"అది నా వల్ల కాదు," అని నీళ్ల బోర్డు ఇంజినీరు ఖురానా మధ్యాహ్నమే వచ్చి తేల్చి చెప్పేశాడు. ఖురానా మంచివాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మంచివాడు. "రేపు పొద్దుటి సప్లై అయ్యేలోగా వాల్వ్ చూపించండి ఇంద్రజాజీ. వెంటనే పని మొదలెట్టుకోండి. లేదా, మీ మిషన్లని వేరే కాలనీకి పంపిస్తాను. ఇక్కడ పని వానలు వెళ్లాకే."

"వానలు వెళ్లాకా? అప్పటిదాకా మళ్లీ ఆ నీళ్లే తాగాలా వీళ్లు?"

"కాచుకుని తాగమని మైకులో చెప్పిస్తాను," అని ఆయన జీపెక్కాడు.

ఈ కాలనీ పని తనకి కావాలని అడిగి మరీ తీసుకుంది ఇంద్రజ. ఎందుకో ఆఫీసులో చెప్పలేదు. నోయిడా ఫ్లాట్‌లో పదో అంతస్తు నుంచి చూస్తే అన్ని కాలనీలూ ఒకేలా ఉంటాయి. ఇదొక్కటే వేరు. ఆమె నడక నేర్చింది ఇక్కడే. చేతికి కుట్లు పడింది ఇక్కడే. తండ్రి సెంట్రల్ గవర్నమెంట్‌లో చేరి కాకినాడ నుంచి వచ్చి, రిటైరయ్యేదాకా ఇదే క్వార్టర్లో ఉన్నాడు.

తీరా వచ్చి చూస్తే ఏముంది? బాల్కనీలన్నీ ఇనప చువ్వల వెనక్కి వెళ్లిపోయాయి. క్వార్టర్ల నంబర్లు మారిపోయాయి. కబడ్డీ ఆడిన చోట కార్లు నిద్రపోతున్నాయి. తమ ఇల్లేదో పోల్చుకోవడానికే ఒక పూట పట్టింది. వెనక సందులో తెలుగువాళ్ల వరస ఉండేది. ఒకరిది కాకినాడ, ఒకరిది వరంగల్, ఒకరిది కడప. ఒకరి యాస మీద ఒకరు జోకులేసుకుంటూ, ఆదివారం వస్తే అందరూ కలిసి అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌కి వెళ్లి అరిటాకు భోజనం చేసి, బస్సు కిటికీల దగ్గర నిద్రపోతూ తిరిగొచ్చేవారు. ఆ వరసలో ఇప్పుడు తెలుగు మాటే వినబడలేదు. సందు మధ్యలో రేకుల పందిరి వేసిన చిన్న శివుడి గుడి మాత్రం కొత్తగా వెలిసింది.

ఎండ కాస్త వాలింది. సాయంత్రం సప్లై వదిలే వేళ.

ఆదిత్య ఆఖరి ప్రయత్నంగా వినే కడ్డీ బయటికి తీశాడు. స్టెతస్కోపుకి ముత్తాతలాంటిది అది. పొడవాటి ఇనప కడ్డీ. ఒక కొస నేలకి, ఒక కొస చెవికి. కింద ఇరుకు సందులోంచి నీరు దూరుతుంటే రొద వినిపిస్తుంది.

"రాడార్ ఫెయిల్. ఇక దాదాజీ టెక్నాలజీయే దిక్కు," అంటూ ఒంగాడు. కళ్లు మూసుకున్నాడు. నోరు సగం తెరిచాడు. ఒంటి చెవితో భూమిని వింటున్నాడు.

ఇంద్రజ మడుస్తున్న మ్యాపుని మధ్యలోనే ఆపేసింది.

సరిగ్గా ఇలాగే. కళ్లు మూసుకుని, నోరు సగం తెరిచి. గౌను వేసుకున్న ఒక పిల్ల, చల్లటి రాతికి చెవి ఆనించి.

"రోలు పలికిందా అమ్మడూ?"

వంటింటి కిటికీలోంచి అమ్మ గొంతు.

ఆ రుబ్బురోలు కాకినాడ నుంచి రైల్లో వచ్చింది. అమ్మమ్మ పంపింది. ఢిల్లీలో ఇడ్లీ పిండికి దిక్కులేదని కూతురు ఉత్తరాల నిండా ఏడిస్తే, గోనెసంచిలో కుట్టించి బ్రేకు వ్యానులో వేయించింది. స్టేషన్లో దించిన కూలీ, "ఇందులో ఏముంది బాబూజీ, మీ ఊరి కొండా?" అని అడిగాడట. దాన్ని మేడ మెట్లెక్కించడం ఎవరి తరమూ కాలేదు. వెనక సందులోనే దింపి, కదలకుండా చుట్టూ సిమెంటు పెట్టించారు. అక్కణ్ణుంచి అది అందరి రోలైంది. ముందు తెలుగువాళ్లు, తరవాత అరవవాళ్లు, ఆ తరవాత మలయాళీలు. శనివారం సాయంత్రం నానిన పప్పు గిన్నెలు వరసలో నిలబడేవి. ఎవరి పప్పు ఎవరు రుబ్బుతున్నారో తెలిసేది కాదు. కబుర్లు మాత్రం ఒక్కటే పిండిలా నలిగేవి. కొత్తగా వచ్చిన కోడలు ఎవరో, ఎవరికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరొచ్చిందో, ఎవరి అబ్బాయి లెక్కల్లో తప్పాడో రోలుకి తెలియనిది లేదు.

ఆ రోజుల్లో కాలనీకి నీళ్లు సన్నగా వచ్చేవి. ముందు పట్టుకున్నవాళ్లకి నాలుగు బిందెలు, వెనకపడ్డవాళ్లకి ఒకటి. అయితే కొళాయి కంటే ముందు రోలుకి తెలిసిపోయేది. పొద్దున్నే రాతికి చెవి ఆనిస్తే లోపలెక్కడో గుర్రుమని సన్నటి రొద. కాసేపటికి కొళాయి దగ్గేది. అది కనిపెట్టింది ఇంద్రజే. అందుకని రోలు మీద కూచోవడం ఆమె ఉద్యోగం. రొద రాగానే, "పలికింది! పలికింది!" అని తలుపు తలుపూ తట్టుకుంటూ పరిగెత్తడం. మిగతా కాలనీ ఆవులిస్తూ లేచేసరికి తెలుగు వరస బిందెలన్నీ నిండిపోయేవి.

"ఆ చప్పుడేంటి నాన్నా?" అని ఒకసారి అడిగింది.

"గోదారే. రోలుతోపాటు రైలెక్కి వచ్చేసింది. మనం బెంగ పెట్టుకుంటామని," అన్నాడు నాన్న, గడ్డం గీసుకుంటూ.

ఆమె నమ్మింది. చాలా ఏళ్లే నమ్మింది. యమున అని బళ్లో చెప్పినా సరే, తమ సందు కింద మాత్రం గోదారే అనుకుంది.

"మేడమ్?" ఆదిత్య లేచి నిలబడి మోకాళ్లు దులుపుకుంటున్నాడు. "యూ ఓకే?"

"ఆదిత్యా, రాయి దానంతట అది పలుకుతుందా?"

"క్యా?"

"కింద బోలుగా ఉంటే పలుకుతుంది. కింద గది ఉంటే. ఆ గదిలో సగం మూసిన వాల్వ్ ఉంటే."

ఆమె జవాబు కోసం ఆగలేదు. వెనక సందులోకి నడిచింది. రోజుకి పదిసార్లు దాటి వెళ్లిన గుడి. కాళ్లకి సైటు బూట్లు ఉన్నాయి కదా అని దూరం నుంచే దండం పెట్టి పక్కకి తప్పుకున్న గుడి. ఆదిత్య కూడా అంతే. రాడార్ బండి కూడా అంతే. సందంతా గాలించారు, ఆ రేకుల పందిరి కింద ఉన్న జానెడు నేలని తప్ప.

ఇంద్రజ బూట్ల తాళ్లు విప్పింది. మేజోళ్లు తీసింది. లోపలికి వెళ్లింది.

ఇత్తడి నాగపడగ. చామంతి దండ. సిందూరం పట్టులు పట్టులుగా పూసిన గుండ్రటి రాయి, దాని మధ్య గుంటలో నిలబడ్డ కోలరాయి. ఆమె దండ కొంచెం పక్కకి జరిపింది. రాతి అంచున చిన్న పెచ్చు లేచిపోయిన చోటు. అది ఊడగొట్టింది తనే. అమ్మ చేతిలో తిన్న దెబ్బ కూడా గుర్తొచ్చింది.

రోలు. గుంటలో నిలబెట్టిన పొత్రం. అమ్మ రోలు దేవుడైపోయింది.

ఆమె మోకాళ్ల మీద కూచుని, కళ్లు మూసుకుని చెవి ఆనించింది.

ఏమీ లేదు.

ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూత పెట్టింది. ఎవరిదో టీవీ. ఆదిత్య ఊపిరి బిగబట్టి పందిరి బయట నిలబడ్డాడు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. ఆమె లేవబోయింది.

గుర్రుమంది.

సన్నగా, లోతుగా, పళ్ల దాకా పాకే రొద. ఇంద్రజ అక్కడే ఉండిపోయింది. ఆ క్షణాన ఆమె వయసు ఎనిమిదేళ్లు. తలుపులన్నీ తట్టడానికి కాళ్లు సిద్ధంగా ఉన్నాయి.

"శివ్‌జీని చెవి పెట్టి వింటున్నావేంటి బేటీ?"

వెనక ఒకావిడ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. చేతిలో నీళ్ల చెంబు. పేరు కమల. మామగారి పేరున వచ్చిన క్వార్టర్ భర్త పేరుకి, ఇప్పుడు కొడుకు పేరుకి మారినా, ఆవిడ మాత్రం మారకుండా ఇక్కడే ఉంది. గుడికి పూజారీ ఆవిడే, కాపలా ఆవిడే.

"ఏమంటున్నాడో విందామని ఆంటీ," అంది ఇంద్రజ హిందీలో, పట్టుబడ్డ పిల్లలా తడబడుతూ.

"కాంట్రాక్టులు పట్టే ఠేకేదార్లకి ఏం చెప్తాడు? తవ్వింది పూడ్చమని చెప్తాడు."

ఇంద్రజ విషయం చెప్పింది. కింద వాల్వ్ ఉంది, దేవుణ్ణి కాస్త జరపాలి, పని కాగానే తిరిగి నిలబెడతాం.

కమల మొహం బిగుసుకుంది. "గోడ కూల్చి మళ్లీ కడతానన్న ఠేకేదారు ఇప్పటిదాకా మొహం చూపించలేదు. రోడ్డు తవ్వినవాడు గొయ్యి వదిలేసి పోయాడు. మీకు తవ్వడం తెలుసు, తిరిగి రావడం తెలీదు. శివ్‌జీని ముట్టుకున్నావో, ఈ కాలనీ ఆడవాళ్లందరం ఇక్కడే కూచుంటాం."

ఆ మాట ఆవిడ చెంబు కింద పెట్టేలోపే కాలనీ అంతా పాకింది. ఎవరో వీడియో తీసి పంపినట్టున్నారు, ఖురానా ఫోన్ చేశాడు. "మందిరమా? ముట్టుకోకండి. రేపు పొద్దున వస్తాను. వాళ్లు ఒప్పుకోకపోతే సామాను సర్దేసుకుందాం."

ఇంద్రజ పందిరి బయట గట్టు మీద కూచుని అమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, మన రోలు ఉంది చూడు, అది పెట్టినప్పుడు కింద ఏముంది?"

"ఏ రోలు? రేవతీ కుంజ్ రోలా? ఇంకా ఉందా అది!" అవతల అన్నపూర్ణేశ్వరి గొంతు ఒక్కసారి పదేళ్లు చిన్నదైపోయింది. "కింద ఏముంటుందే, గచ్చు ఉంది. మధ్యలో తాంబాళమంత ఇనప మూత. చుట్టూ అంచు లేచి ఉండేది. రోలు అడుగు అందులో అచ్చం చేయించినట్టు కూచుంది. ఇసుమంత ఊగలేదు. మీ నాన్న మురుగు మూతేమో అన్నారు. మురుగైతే కంపు కొట్టదా అన్నాను. నోరు మూసుకున్నారు."

"అది వాల్వ్ మూతమ్మా! అప్పుడు పైపు పగిలితే మూసి, తరవాత సగమే తెరిచి వెళ్లుంటారు. మిగతా సగం తెరుద్దామని వచ్చేసరికి మనం మీద రోలు పెట్టి సిమెంటు పోసేశాం. అందుకే కదా కాలనీకి నీళ్లు అంత సన్నగా వచ్చింది!"



"అంటే నేను నీళ్లు సరిగ్గా రావట్లేదని బోర్డాఫీసుకి వెళ్లి నానా మాటలూ అని, ఇంటికొచ్చి దాని మీదే కూచుని పిండి రుబ్బానన్నమాట."

"అన్నమాటే."

అన్నపూర్ణేశ్వరి నవ్వు ఫోన్ దాటి ఆదిత్య దాకా వినబడింది. తరవాత ఇంద్రజ గుడి సంగతి చెప్పింది. ఆ నవ్వు ఆగింది.

"రేపు నేనొస్తున్నాను," అంది.

"ఎందుకమ్మా ఈ ఎండల్లో? నేను వాళ్లకి నిజం చెప్పేస్తాను. అది దేవుడు కాదు, ఇడ్లీ రోలు అని. నువ్వు ఫోన్లో సాక్ష్యం చెబితే చాలు."

"నోరు ముయ్యి. నేనొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకు."

పొద్దున సప్లై వదిలేవేళకి వెనక సందు నిండిపోయింది. గుడి చుట్టూ ఆడవాళ్లు బాసింపట్లు వేసుక్కూచున్నారు. ఇటు పక్క రెండు కంపెనీల పనివాళ్లు, చేతులు కట్టుకుని. మధ్యలో ఖురానా, మాటిమాటికీ జీపు వైపు చూస్తూ.

"సప్లై ఆగేదాకా ఉంటాను. తరవాత వెళ్లిపోతాను," అన్నాడు.

ఇంద్రజ నాలుక చివర ఆ మాట ఆడుతోంది. ఇది రోలు. మా అమ్మది. మీరు ఇన్నాళ్లూ మొక్కింది ఇడ్లీ రాతికి. ఒక్క మాటతో పనైపోతుంది. లేదా ఒక్క మాటతో పని మొత్తం చెడుతుంది. ఆమె ఒక అడుగు ముందుకేసి నోరు తెరిచింది.

మోచేయి మీద ఎవరో గిల్లారు. గట్టిగా. చిన్నప్పటి గిల్లుడు.

అన్నపూర్ణేశ్వరి నోయిడా నుంచి క్యాబ్‌లో దిగింది. నేత చీర, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో మూత బిగించిన స్టీలు క్యాన్. ఎవరినీ పలకరించలేదు. చెప్పులు విప్పింది. ఆడవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని, వంగి, పందిరి కిందికి వెళ్లింది. రోలు వైపు చూసింది. దండం పెట్టింది. తరవాత మెల్లిగా కింద కూచుంది. ఎడమ కాలు మడిచి, కుడి కాలు రోలు పక్కనుంచి చాపి. చెయ్యి దానంతట అదే వెళ్లి పొత్రం తల మీద వాలింది.

ఆ కూచోవడంలో ఏముందో గాని, కమల లేచి నిలబడింది. దగ్గరికొచ్చి, వంగి మొహంలోకి చూసింది.

"పైమేడ ఇడ్లీ ఆంటీ?"

అన్నపూర్ణేశ్వరి కళ్లజోడు సవరించుకుంది. నలభై ఏళ్లు ఢిల్లీలో ఉన్నా ఆమె హిందీ కాకినాడ దాటలేదు. "తుమ్ వో గాజుల పిల్లా హై నా! దహీ వడకి పప్పు తెచ్చేదానివి. రుబ్బమంటే గాజులు చిట్లుతాయని ఏడ్చేదానివి!"

"ఏడవలేదు! మీరే వెక్కిరించేవారు. పెళ్లయి నెల కాలేదు, చేతుల నిండా ఎర్ర గాజులు. మీరంతా మీ భాషలో ఏదో అనుకుని నవ్వుకునేవారు. మా అత్త నా చేతికి గిన్నె ఇచ్చి పంపేది. ఏం చెయ్యను?"

ఇంద్రజకి అప్పుడు అర్థమైంది.

"ఆంటీ," అంది కమలతో, "అంటే మీకు తెలుసా? ఇది..."

"తెలియకేం?" కమల విసురుగా తిరిగింది. "మీరందరూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పిల్లలు దీని మీద సుద్దతో వికెట్లు గీశారు. ఒకడు స్కూటర్ ఆనించేవాడు. చివరికి చెత్త లారీవాళ్లు గునపాలతో వచ్చారు. మా అత్త పరిగెత్తుకొచ్చి ఓ చెంబు నీళ్లు పోసి, బొట్టు పెట్టింది. అంతే. ఇక ఎవడూ చెయ్యి వెయ్యలేదు. ఇంత మందికి తిండి పెట్టిన రాయిని లారీలో వేస్తారా అంది. పోయేదాకా రోజూ నీళ్లు పోసింది. తరవాత నేను పోస్తున్నాను. ఇన్నేళ్లు పోశాక దేవుడు రాకుండా ఎలా ఉంటాడు, చెప్పు?"

ఇంద్రజ నిన్నటి నుంచి నాలుక చివర పట్టుకున్న మాట మింగేసింది.

"వచ్చే ఉంటాడు," అంది అన్నపూర్ణేశ్వరి. "నేను రుబ్బేటప్పుడూ ఉండే ఉంటాడు. లేకపోతే అంత మెత్తగా నలిగేదా?"

ఎవరో నవ్వారు. సందు కాస్త వదులైంది.

కమల మాత్రం నవ్వలేదు. "పోయిన వానల్లో నా మనవడు పచ్చగా, చీపురుపుల్లలా అయిపోయాడు. కొత్త పైపు నాకు అక్కర్లేదనుకుంటున్నారా? అందరికంటే నాకే కావాలి. కానీ నమ్మకం ఏది? తీసినవాడు తిరిగి పెడతాడని ఏం నమ్మకం?"

"నేను ఇక్కడే ఉంటాను ఆంటీ," అంది ఇంద్రజ. "కొత్త కొళాయిలో నీళ్లొచ్చి, శివుడు తిరిగి నిలబడేదాకా."

"అలాగే అంటారు అందరూ."

"ఇది అంటే ఉంటుంది," అంది అన్నపూర్ణేశ్వరి, కూతురి వైపు గడ్డం చూపిస్తూ. "చిన్నప్పుడు ఇక్కడ కూచోబెట్టింది నేనే. లేవమనేదాకా లేచేది కాదు."

కమల ఇంద్రజని కిందికీ పైకీ చూసింది. ఏదో గుర్తుకొచ్చినట్టు కళ్లు చికిలించింది. "పొద్దున్నే తలుపులు బాదుకుంటూ అరిచే పిల్ల? నువ్వేనా? నీ మూలాన మా ఇంట్లో ఒక్క రోజు సుఖంగా నిద్రపోలేదు!" చెంబు అందుకుంది. "పదండి. ముందు స్నానం చేయించాలి. తరవాతే గునపం."

ఖురానా జీపు వైపు చూడటం మానేసి చెప్పులు విప్పాడు.

నీళ్లు పోశారు. సిందూరం కరిగి ఎర్రగా సందులోకి పారింది. కింద నుంచి నల్లటి రాయి బయటపడింది. ఆదిత్య మనుషులు చుట్టూ ఉన్న సిమెంటుని ఉలితో, పెచ్చు పెచ్చుగా, దేవుడికి దెబ్బ తగలకుండా కొట్టారు. తాళ్లు కట్టి, మూడు కాళ్ల స్టాండుకి గొలుసు తగిలించి పైకి లాగారు. రోలు ఒక్కసారి మూలిగి, గాల్లోకి లేచింది.

కింద గుండ్రటి ఇనప మూత. తాంబాళమంత.

మూత తీసేసరికి అందరూ ముందుకి తోసుకొచ్చారు. ఆదిత్య టార్చి వేశాడు. "అరే వాహ్," అన్నాడు.

కాలనీలో మిగతా మూతలన్నీ తారు కింద, చెత్త కింద, మట్టి కింద పూడిపోయాయి. వాటి వాల్వులు తుప్పు పట్టి, పట్టుకుంటే పెళ్లలుగా రాలుతున్నాయి. ఈ గదిలోకి మాత్రం ఒక్క వాన చుక్క దిగలేదు. ఒక్క ఎలుక దూరలేదు. రోలు దాన్ని ఇన్నేళ్లూ మూతబిగించిన ఊరగాయ జాడీలా కాపాడింది. వాల్వ్ మీద రంగు కూడా అక్కడక్కడా మిగిలే ఉంది.

"సప్లై ఆగే టైమవుతోంది. తిరుగుతుందా?" అన్నాడు ఖురానా. గొంతులో ఆత్రం దాచుకోలేకపోయాడు.

వాల్వ్ తిప్పే పొడవాటి ఇనప కీ లోపలికి దించి దాని తలకి తగిలించారు. ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని బలంగా నెట్టారు. కదల్లేదు. మళ్లీ నెట్టారు. కదల్లేదు. మూడోసారి ఇంద్రజ కూడా వెళ్లి పట్టుకుంది. ఆదిత్య పట్టుకున్నాడు. ఎక్కడో లోపల కిర్రుమంది. అందరి మొహాలూ ఒక్కసారి బిగుసుకున్నాయి. విరిగిందా?

తిరిగింది. ముందు వెంట్రుకవాసి. తరవాత పావు చుట్టు. తరవాత తేలిగ్గా, రోట్లో పిండి పదునుకొచ్చాక పొత్రం తిరిగినట్టు.

"బంద్!" అని అరిచాడు ఆదిత్య. ఖురానా ఫోన్ తీసి పక్క కాలనీకి చేశాడు. విన్నాడు. బొటనవేలు పైకెత్తి చూపించాడు. అక్కడ నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఇక్కడ ఆగాయి. సందు చివర గోతులు తవ్వే మిషన్ గర్జించింది.

రోలుని వేపచెట్టు నీడలో, ఇసక మీద దించారు. పని అయ్యేదాకా ఆయన మకాం అక్కడే. కమల కొత్త బొట్టు పెట్టబోతుంటే అన్నపూర్ణేశ్వరి చెయ్యి అడ్డం పెట్టి, క్యాన్ మూత తీసింది. రాత్రి నానేసిన మినప్పప్పు.

"ఒక్క వాయ," అంది, అడుగుతున్నట్టు.

కమల పప్పు వైపు చూసింది. రోలు వైపు చూసింది. "పనివాళ్లందరికీ వడలు వస్తాయా?"

"చూసుకుని వేద్దాం. మీ ఇంట్లో నూనె ఉందా?"

"ముందు శివ్‌జీకి భోగ్ పెట్టాలి మరి. తరవాతే ఎవరికైనా. బకెట్లో నీళ్లు పట్టి ఉంచాను, ఉండండి." కమల గాజులు పైకి లాక్కుని అవతలి వైపు కూచుంది. ఇప్పుడు రెండే రెండు ఉన్నాయి.

ఇంద్రజ తెరిచిన గది అంచున మోకాళ్ల మీద కూచుంది. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, ఒంగి చెవి నేలకి ఆనించింది. రొద లేదు. తనకి ఊహ తెలిసినప్పటి నుంచి ఈ సందు కింద వినబడుతూనే ఉన్న రొద. కాసేపు అలాగే ఉండిపోయింది. మెల్లిగా, నేలలోంచే, ఇంకో చప్పుడు చెవికి తగిలింది. వేపచెట్టు కింద రాయి మీద రాయి తిరుగుతున్న చప్పుడు.

"ఏవంటోందే మీ నాన్న గోదారి?" అమ్మ అక్కణ్ణుంచే కేకేసింది.

"పడుకుందమ్మా."

"పడుకోనీ పాపం. ఇన్నేళ్లూ మనకోసం తెల్లారకుండానే లేచింది." పిండి కొంచెం వేలితో తీసి చూసుకుని, పెదవి విరిచింది. "కమలా, ఇంకొంచెం తిప్పు. పలుకు తగుల్తోంది."